పాలిపోయిన పగడం



పిల్లవాడు నీరసంగా ఉన్నాడంటే డాక్టరుగారు ముందు చేసే పని ఏమిటి? కింది కనురెప్ప లాగి చూస్తారు. లోపల పాలిపోయి ఉంటే రక్తం తక్కువన్నమాట. సముద్రం అడుగున ఉన్న పగడాలకు కూడా ఇలాగే రంగు చూసి ఆకలి కొలుస్తారంటే మీకు వింతగా ఉండవచ్చు. ఈవేళ ఆ సంగతే మనవి చేస్తాను.

మన మంగళసూత్రంలో గుచ్చుకునే ఎర్ర పగడం వేరే జాతి. నేను చెప్పేది దిబ్బలు కట్టే పగడాల గురించి. చూడటానికి రాళ్లలా, చెట్టుకొమ్మల్లా ఉన్నా అవి ప్రాణులు. వాటి ఒంట్లోనే కంటికి ఆనని నాచు కాపురం ఉంటుంది. ఎండ తగలగానే ఆ నాచు వంట మొదలుపెడుతుంది. పగడానికి కావలసిన శక్తిలో నూటికి 90 వంతుల దాకా ఆ వంటింటి నుంచే రావచ్చు. పగడం రంగు కూడా చాలావరకు ఆ నాచుదే.

నీరు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, ఈ కాపురం చెడుతుంది. పగడం నాచును బయటికి పంపేసి తెల్లబడిపోతుంది. అయ్యో, చచ్చిపోయిందే అనుకుంటాం. కాదండీ! ప్రాణం ఉంది, పొయ్యి ఆరిపోయింది, అంతే. త్వరగా నీరు చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది. లేకపోతే పగడం ఆకలితో పోతుంది.

అందుకే కొలత. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు 2002లో కోరల్‌వాచ్ అనే పథకం పెట్టి, తడిసినా పాడవని రంగుల అట్ట ఒకటి తయారుచేశారు. నాలుగు వన్నెలు, ఒక్కొక్క దాంట్లో ఆరేసి ఛాయలు. 1 అంటే బాగా వెలిసినది, 6 అంటే ముదురు. చీర పక్కన జాకెట్టు గుడ్డ పెట్టి చూసినట్టే, పగడాన్ని ముట్టుకోకుండా పక్కన అట్ట పెట్టి లేత చోటు ఒకటి, ముదురు చోటు ఒకటి చూసి అంకెలు రాసుకోవాలి. కొమ్మల చివళ్లు మాత్రం చూడకూడదు. కొత్తగా పెరిగే చోటు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నా అవి తెల్లగానే ఉంటాయి. మళ్లీ వెళ్లి చూసినప్పుడు రెండు అంకెలు తగ్గితే నాచు తగ్గిందని గుర్తు. దీనికి శాస్త్రజ్ఞులే కావాలని లేదు. బడిపిల్లలూ, యాత్రికులూ చేస్తున్నారు.

అయితే రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. అందుకని పరిశోధకులు చిన్న ముక్క తీసి కొవ్వు, మాంసకృత్తులు ఎంత ఉన్నాయో కూడా చూస్తారు. కొవ్వంటే గాదెలో దాచుకున్న గింజలన్నమాట. హవాయి పగడాల మీద 2006లో అచ్చయిన పరిశోధనలో ఒక విశేషం తేలింది. తెల్లబడిన పగడాల్లో ఒక జాతి, నీటిలో తేలే సూక్ష్మజీవులను మామూలు కంటే ఎంతో ఎక్కువగా పట్టి తిని ఆకలి తీర్చుకుంది. మరి రెండు జాతులు ఆ పని చేయలేకపోయాయి. పైకి చూస్తే అన్నీ ఒకే తెలుపు!

ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో 2016, 2017, 2020, 2022, 2024 సంవత్సరాల్లో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. జ్వరం తగ్గి పథ్యం తినే లోపే మళ్లీ జ్వరం వస్తే ఏ బిడ్డ తట్టుకుంటుంది చెప్పండి? రంగుల అట్ట వైద్యం చేయదు, నిజమే. సముద్రం వేడెక్కకుండా చూడటమే అసలు మందు. కానీ బిడ్డ పాలిపోయిందని ముందు ఎవరో ఒకరు గమనించాలి కదా! ఆ గమనింపు మన ఆడవాళ్లకు కొత్త కాదు.