మురుగునీటి గుణములు - శుద్ధి మార్గములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



పుస్తకముల పండుగలో మురుగునీటి ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. కాని మన పూర్వులు ఈ విషయమును అల్పముగా ఎంచలేదు. వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదనీరు నిలువచేసి దారి చెరచినవానికి పణములో నాల్గవ వంతు దండుగ వేయవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము శాసించుచున్నది. దుమ్మునకును బురదనీటికిని అతడు వేరువేరు లెక్క కట్టుట గమనింపదగినది. మలినములన్నియు ఒక్కటి కావు. రోగము నెరుగక ఔషధమిచ్చుట ఎట్లు తగదో, నీటి గుణము నెరుగక దానిని శుద్ధిచేయబూనుటయు అట్లే తగదు. ఈ ఉపన్యాసమునకు సారాంశ మిదియే.

ఉదాహరణమునకు హైదరాబాదు నగరమందలి జూబిలీహిల్సును, దానిని ఆనుకొనియున్న ఫిల్మ్‌నగరును గైకొందము. తెలుగు చలనచిత్రములు పుట్టుచోటు గనుక ఆ పేర్లు వినని గ్రామము లేదు. అక్కడి మేడలను గూర్చి, తారలను గూర్చి పత్రికలు వ్రాయుచుండును. ఆ మేడల నుండి వెలువడిన నీరు ఎక్కడికి పోవునో విచారించువారు అరుదు.

అది రాతిగుట్టల ప్రదేశము. 1962లో అచట గృహనిర్మాణ సహకార సంఘము ఏర్పడినది. చిత్రపరిశ్రమ మద్రాసు నుండి క్రమముగా తరలివచ్చిన కాలమున, 1976లో ఆ పరిసరములందే అన్నపూర్ణా స్టూడియో ఆరంభమైనది. తరువాత ఫిల్మ్‌నగరు గుట్టలపై పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలసినవి. మన పొలముల వలె ఆ నేల నీటిని పీల్చదు; పైన పలుచని మట్టి, క్రింద గ్రానైటు రాయి. గుంత త్రవ్వి నీరు ఇంకించుట దుర్లభమగుటచే, వాడిన నీటిని గొట్టముల వెంట దింపవలసినదే. గుట్టకు పడమటి వాలు దుర్గం చెరువు వైపు, తూర్పు వాలు నాలాల మీదుగా హుస్సేన్‌సాగరు వైపు పోవును. దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటవారికి త్రాగునీ రిచ్చినది. హుస్సేన్‌సాగరు 1562 నాటి నిర్మాణము. ఇది యంతయు మూసీ పరీవాహ ప్రాంతము. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. కావున గుట్టపై ఒక ఇంట పారబోసిన నీరు, దిగువను ఒక రైతు మడికి పారుదల నీరగుచున్నది. అతడు ఆ నీటిలో చెప్పులు లేని కాళ్ళతో నిలిచి నాట్లు వేయుచున్నాడు. ఈ విచారణ యెందులకనువారికి అదియే సమాధానము.

ఇక మురుగునీటి స్వరూపము. ఇండ్ల నుండి వచ్చు మురుగులో 1000 పాళ్ళకు సుమారు 999 పాళ్ళు నీరే. చికిత్స అంతయు ఆ మిగిలిన ఒక్క పాలునకే. ఆ ఒక్క పాలు అనేక రూపములుగా నుండును.

మొదటిది ఘనపదార్థము. గుడ్డపేలికలు, కాగితములు, ప్లాస్టిక్ సంచులు తేలివచ్చును. వానిని ఇనుప ఊచల జల్లెడ ఆపును. ఇసుక బరువైనది, ప్రవాహవేగము తగ్గించినచో అడుగునకు చేరును. దానిని ముందే తీయనియెడల పంపులను అరుగదీయును. సన్నని మలినము పెద్ద తొట్టెలలో కొన్ని గడియలు నిలిపినచో మడ్డిగా దిగును. అంతకంటె సూక్ష్మమైనది దిగదు. కలకబారిన నీటిని చిల్లగింజతో తేర్చు పద్ధతి సుశ్రుతుని కాలమునకే తెలిసియుండెను. నేడు పటికయు ఆ పనియే చేయును. కాని ఉప్పు కలిసిన నీటిలో చిల్లగింజ అరగదీసిన ఉప్పదనము పోవునా? నీటిలో కరిగిన మలినమును ఏ తేర్పును పట్టలేదు. తేటగా నున్నంత మాత్రమున నీరు శుద్ధమైనదని నమ్మరాదు.

కరిగిన మలినమును తొలగించువి సూక్ష్మజీవులు. అవి ఆ మలినమును ఆహారముగా గొని, నీటిలోని ప్రాణవాయువును పీల్చును. వేసవి వేడిమిలో మంచినీరు లీటరునకు ఏడెనిమిది మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే పట్టుకొనగలదు. ఇండ్ల మురుగునకో, లీటరునకు 200 మొదలు 300 మిల్లీగ్రాముల వరకు కావలసియుండుట సామాన్యము. రాబడి ఎనిమిది, ఖర్చు రెండువందలైన సంసారము ఎట్లుండునో, మురుగు కలిసిన చెరువు అట్లుండును. చేపలు తేలిపోవుటకు కారణ మిదియే. ఈ అవసరమును బి.ఓ.డి. అందురు. పాశ్చాత్యులు దీనిని 20 డిగ్రీల వేడిమిలో ఐదు దినము లుంచి కొలుతురు. మన దేశమున 27 డిగ్రీలలో మూడు దినము లుంచి కొలుచుట వాడుక. తీక్ష్ణమైన రసాయనముతో కొన్ని గంటలలో కొలుచు మరియొక లెక్క కలదు; అది సి.ఓ.డి. ఇందు సూక్ష్మజీవులు తినగలిగినదియు, తినలేనిదియు కూడ చేరును. మొదటి లెక్క రెండవదానిలో సగమైనను ఉన్నయెడల సూక్ష్మజీవులు పని నెరవేర్చగలవు. మిక్కిలి తక్కువైనచో, వానికి జీర్ణము కానిదేదో, విషమైనదేదో ఆ నీటిలో నున్నదని అనుమానింపవలెను.

ఇందులకు చిత్రపరిశ్రమయే మంచి దృష్టాంతము. ఫిల్ము చుట్టలపై చిత్రములు తీసిన దినములలో వానిని రసాయనములలో కడిగెడివారు. ఫిల్ముపై నుండు వెండి, హైపో ద్రావకములో కరిగి దిగును. రంగుల ఫిల్ము విషయమున ఆ వెండి యంతయు కడుగుడు నీటిలోనికే వచ్చును. వెండి మనకు ధనము, సూక్ష్మజీవులకు విషము. అట్టి నీటిని తిన్నగా మురుగులో కలిపినచో శుద్ధి తొట్టెలోని జీవులకు ముప్పు. విద్యుత్తుతో ముందుగా వెండిని వేరుచేసినచో ధనమును దక్కును, నీరును బాగుపడును. పుట్టిన చోటనే పట్టిన మలినము సొమ్ము. పదిమంది నీటిలో కలిసిన పిమ్మట అదియే అప్పు. నేడు చిత్రములు డిజిటల్ విధానమున తీయబడుటచే ఆ కడుగుడు దాదాపుగా నిలిచినది. వృత్తి మారగా మురుగు గుణమును మారినది.

నూనెయు జిడ్డును మరియొక జాతి. వేడిగా నున్నప్పుడు పారి, చల్లబడి గొట్టము గోడలకు పేరుకొని దారి మూయును. పెద్ద వంటశాలలు జిడ్డుతొట్టె నుంచుకొనవలయుననుట అందులకే.

నత్రజని, భాస్వరములు పైరునకు బలము. చెరువునకు మాత్రము చేటు. వాని బలముననే గుర్రపుడెక్క చెరువులను కప్పివేయుచున్నది. నత్రజనిని మార్చు సూక్ష్మజీవులు మెల్లగా పెరుగును. వానికి గాలియు, వ్యవధియు, నీటిలో తగినంత క్షారగుణమును కావలెను.

వేడిమి మనకు ఒక వరము. గాలి లేని తొట్టెలో పనిచేయు సూక్ష్మజీవులు చలిదేశములలో మందగించును. అంబరుపేటలో దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయుటకై కట్టిన కేంద్రము ఈ వేడిమి నాధారము చేసికొన్నదే. అందు మురుగు అడుగు నుండి పైకి, మడ్డిపొర గుండా ఎక్కును. మండెడు వాయువు లభించును. కాని ఆ పద్ధతి నత్రజనిని విడువదు. కొంత మలినమును మిగిలించును గనుక పిదప గాలి పట్టింపవలయును. దుర్గం చెరువు వద్ద 2023లో నెలకొల్పిన 70 లక్షల లీటర్ల కేంద్రములో ఒకే తొట్టెను నింపి, గాలి పట్టి, తేర్చి, పైతేటను వంచుదురు. ఇందుకు విద్యుత్తు ఎక్కువ, స్థలము తక్కువ, నత్రజనియు తగ్గును. చెరువులోనికి విడువవలసిన నీటికి అది తగియున్నది.

చివరిది రోగక్రిములు. వానిని క్లోరిను చంపును. నీరు ఇంకను మురికిగా నున్నచో క్లోరిను ఆ మురికికే ఖర్చగును. క్రిములు మడ్డి చాటున బ్రదుకును. మొదటి తొట్టెలో చేసిన అశ్రద్ధ చివరి తొట్టెలో బయటపడును.

ఇంకొక్క మాట. గాలి చొరని మురుగులో కుళ్ళిన గ్రుడ్ల వాసన గల వాయువు పుట్టును. అది సిమెంటు గొట్టములను తినివేయును; లోనికి దిగిన మనుష్యుని క్షణములో కూల్చును. అట్లు మనుష్యులను దింపరాదని 2013లో చట్టమైనది. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు సందులలోనికి పోగల 70 చిన్న యంత్రములను ప్రవేశపెట్టినది. మనము కాలువలో విసరిన సంచి మరియొకని ప్రాణముమీదికి రాగలదని మరువరాదు.

గ్రామమునకు అంబరుపేట అక్కరలేదు. వంటింటి నీటిని జిడ్డు తీసి, మట్టినేల గలచోట అరటిపాదునకు మళ్ళించుడు. మరుగుదొడ్డి గుంత బావికి దూరముగా నుండవలెను. పురుగుమందు డబ్బా చెరువులో కడుగరాదు. ఆ విషము ఏ తేర్పునకును లొంగదు. ఎవరి మురుగును వారు గుమ్మము దగ్గరనే వేరుచేసికొనిన ఊరి చెరువు ఊరికి దక్కును.