సగటు లెక్కల చాటున హైదరాబాద్

(విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ పెరిగిందని అందరూ అంటున్నరు. పెరిగింది, నిజమే. ఎవరితో పెరిగింది? పెరిగిన సంపద ఎవరి ఇంటికి చేరింది? ఈ రెండు ప్రశ్నలు కలిపి అడిగేటోళ్లు తక్కువ. ఇయ్యాల మనం కలిపే అడుగుదాం.

మన పట్నం ఏనాడూ ఒక్క భాష, ఒక్క మతం ఊరు కాదు. 1591లో కులీ కుతుబ్‌షా పునాది వేసిన నాటి నుంచి వచ్చినోళ్లను కలుపుకుంటూ పెరిగిన ఊరు. నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల బ్యారక్‌లే బార్కస్ అయినయి. ఆఫ్రికా అశ్వికదళం పేరు ఏసీ గార్డ్స్‌లో మిగిలింది. బేగంబజార్ మార్వాడీలు, కంటోన్మెంట్ తమిళులు ఈ ఊరోళ్లే అయిన్రు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినంక పట్నం నడకే మారింది. 2001, 2011 జనగణనలు పక్కపక్కన పెట్టి చూడండి. హైదరాబాద్ జిల్లా జనాభా 38.3 లక్షల నుంచి 39.4 లక్షలకే పెరిగింది. చుట్టూ ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా మాత్రం దాదాపు 36 లక్షల నుంచి 53 లక్షలకు ఎగబాకింది. పాత పట్నం నిండి, కొత్త పట్నం పొలాల మీదికి పోయింది. దేశం నలుమూలల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వచ్చిన్రు. వాళ్లుండే టవర్లు కట్టడానికి పాలమూరు కూలీలతోపాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ కూలీలు వచ్చిన్రు.

ఇగ ఆదాయం సంగతి. 2022-23లో ఇప్పటి రంగారెడ్డి జిల్లా తలసరి ఆదాయం 9 లక్షల రూపాయలు దాటింది. హైదరాబాద్ జిల్లాది 5 లక్షలకు దగ్గర. 2016లో పాత రంగారెడ్డి నుంచి విడిపోయిన వికారాబాద్‌ది 2 లక్షల లోపే. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే రంగారెడ్డి జిల్లాలో ఏడాదికి 36 లక్షలు, నెలకు 3 లక్షలు రావాలె! ఎల్బీనగర్ ఆటో డ్రైవర్ ఇంటికి వస్తున్నయా? శంకర్‌పల్లి కూరగాయల రైతుకు వస్తున్నయా?

రావు. ఎందుకంటే తలసరి ఆదాయమంటే ఇంటి ఆదాయం కాదు. జిల్లాలో కంపెనీలు, వ్యాపారాలు పుట్టించిన విలువనంతా జనం సంఖ్యతో భాగించిన లెక్క. కంపెనీ లాభం కూడా అందులోనే కలుస్తది. కాగితం మీద కూలీ తల మీద 9 లక్షలుంటయి, చేతికి మాత్రం దినం కూలే వస్తది.

భూమి ధర మాత్రం సగటును చూడదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. భూమి ధర ఎక్కినకొద్దీ కిరాయి ఎక్కుతది. జీతం పెరగని కుటుంబం ఇంకింత దూరం జరుగుతది. బస్సు ఖర్చు, పిల్లల బడి, పనికి పోయే గంటలు అన్నీ దాని నెత్తినే పడతయి.

ఇక్కడే మనల్ని మనం హెచ్చరించుకోవాలె. మన పని బిహారోడు గుంజుకున్నడని బస్తీలో మాట పుట్టిస్తరు. మన కూలీలు బొంబాయి కట్టడానికి పోయినందుకే అక్కడ కామాటిపురా వెలసింది. బయటోళ్లమని పిలిపించుకునుడు ఎట్లుంటదో మనకు తెలువదా? 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హతియాకు పోయింది. పట్నాన్ని కట్టినోళ్లు మూటాముల్లె పట్టుకొని ఎక్కిన్రు. ఓటు ఊర్లో, పని ఇక్కడ ఉన్నోని కష్టం ఏ కార్పొరేటర్ అడుగుతడు?

మరి చేయాల్సిందేమిటి? 2021లో జరగాల్సిన జనగణన 2027కు పోయింది. కులం లెక్కిస్తమన్నరు, మంచిదే. మన జనగణన ఇంటి ఆదాయం ఎన్నడూ అడగలేదు. 2024 నవంబర్‌లో మొదలైన రాష్ట్ర ఇంటింటి సర్వే ఆదాయం, అప్పులు కూడా అడిగింది. అందులో 3 శాతానికి పైగా జనం లెక్కకు అందలేదని 2025 ఫిబ్రవరిలో సర్కారే చెప్పింది.

అందుకే మేం అడుగుతున్నం. పేర్లు బయటపెట్టకుండా, బస్తీల వారీగా ఇంటి ఆదాయం, కిరాయి, అప్పు లెక్కలు ప్రచురించాలె. అడ్డా మీద నిలబడే కూలీని, షెడ్డులో పండుకునే కూలీని ఆ లెక్కలో చేర్చాలె. విద్యార్థులు మీ బస్తీల్లో ఈ పని మొదలుపెట్టండి. ఉద్యోగ మిత్రులు మీ శాఖల్లో ఉన్న లెక్కలను జనం ముందుకు తేవడానికి నిలబడండి. లెక్కలో లేనోనికి బడ్జెట్‌లో వాటా ఉండదు.