మ్రాకులను పట్టు కుక్కగొడుగులు: వానిని గుర్తించు విధము



వానకాలమున సిద్దిపేట ప్రాంతపు గుట్టలయందును, పొలముగట్లమీదను పలువిధములగు కుక్కగొడుగులు పుట్టును. చెదపుట్టలపై లేచు పుట్టకొక్కులు తినదగినవని అందఱెఱిగినదే. ఈ ప్రసంగము వానిగూర్చి కాదు. కట్టెను పట్టి కుళ్లజేయు వానిగూర్చి.

వీనితోడి చిక్కు రూపము నిలుకడగా నుండకపోవుటయే. చింత, మామిడి మొదళ్ల పుట్టు గానోడెర్మాను చూడుడు. అది మొదట తెల్లని ముద్ద. పిమ్మట అంచు పసుపుగా, నడుమ లక్కపిడతవలె ఎఱ్ఱగా నిగనిగలాడును. ముదిరినకొలది తన గోధుమవన్నె పొడియే పైబడి దుమ్ముకొట్టినట్లగును. ఒకచోట కాడ యుండును. వేఱొకచోట కాడలేక చెట్టునకే అంటియుండును. పండితులును ఇందు తడబడిరి. 1781లో ఇంగ్లండున కర్టిస్ వర్ణించిన జాతి పేరే ఆసియాలోని వానికిని చిరకాలము పెట్టబడెను. వానిలో పెక్కు వేఱుజాతులని జన్యుపరీక్షలవలన ఇటీవల తేలినది.

ఎండిన మామిడికొమ్మలపై గుంపుగా పుట్టు స్కిజోఫిల్లమ్ మఱియొకటి. ఎండకు ముడుచుకొని బూడిదవన్నె నుండును. వాన తగిలినంతనే విసనకఱ్ఱవలె విచ్చుకొనును. ఎట్లున్నను అడుగురేకులు నిలువున చీలియుండును. అదియే దాని గుఱుతు. మణిపురమున దీనిని కూర వండుదురు. అంతమాత్రమున తెలియనిదానిని ఇచ్చట వండరాదు.

కావున పైరంగును నమ్మక, త్రిప్పి అడుగుభాగము చూడవలెను: రేకులా, సన్నని రంధ్రములా? లేతది, ముదురుది కూడ సేకరింపవలెను. ఏ చెట్టుపైనిది, ఆ చెట్టు పచ్చిదా ఎండినదా యనుట వ్రాసికొనవలెను. తెల్లకాగితముపై ఒక రాత్రి యుంచిన పొడి రాలును, గానోడెర్మాపొడి గోధుమవన్నెది. జిల్లాలోని ములుగున గల అటవీ కళాశాల వంటిచోట చూపదలచినచో కాగితపు సంచిలో కొనిపోవలెను. బిగించిన ప్లాస్టిక్ సంచిలో నమూనా చీకిపోవును.

ఇంత శ్రమ యెందులకనగా, ఎండుకొమ్మపై స్కిజోఫిల్లమ్ కనబడినచో సాధారణముగా భయపడ పనిలేదు. పచ్చిచెట్టు మొదట గానోడెర్మా కనబడినచో మాత్రము వేళ్లు లోపల అప్పటికే చీకుచుండును. ఆకు పచ్చగా నున్నదని మోసపోరాదు. అట్టి చెట్టు గాలివానకు కూలవచ్చును గనుక దానికి పశువులను కట్టరాదు. పైగొడుగును కోసి కాల్చినంతనే తెగులు పోదు. వేళ్లు తగిలినచోట ప్రక్కచెట్టునకును ప్రాకును. మైసూరు పోకతోటలలో కన్నడిగులు అణబె రోగమనునదియు, కోనసీమ కొబ్బరిని పట్టు బంకకారు తెగులును దీని కూటమివే. నడుమ లోతైన కందకము త్రవ్వి వేళ్లను తెంపవలెను. చచ్చిన చెట్టు మోడును వేళ్లతోగూడ పెకలించి కాల్చవలెను. ఆ గుంతలో వెంటనే మరల మామిడి నాటరాదు.