రిపోర్ట్ స్లోగా వస్తోందా? ర్యామ్ పెంచే ముందు ఈ సెట్టింగ్స్ చూడండి

డేటా అనలిస్ట్ జాబ్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లలో చాలామంది రిపోర్ట్ తయారు చేయడం వరకే నేర్చుకుంటారు. దాన్ని సర్వర్‌లో పెట్టి, పొద్దున్నే తొమ్మిదింటికి ఆఫీసంతా ఒకేసారి ఓపెన్ చేసినా ఆగకుండా నడిపించడం మాత్రం వేరే పని. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

ఉదాహరణకి మైక్రోసాఫ్ట్ ఎస్‌ఎస్‌ఆర్‌ఎస్ తీసుకుంటున్నాను. అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ రిపోర్టింగ్ సర్వీసెస్. ఇది 2004లో వచ్చింది. ఇందులో 2022 వెర్షనే చివరిది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025 నుంచి దీని స్థానంలో పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్ ఉంటుంది. పేజినేటెడ్ రిపోర్ట్స్ వరకు నేను చెప్పబోయే విషయాలు అందులోనూ పనికొస్తాయి.

రిపోర్ట్ స్లో అని కంప్లయింట్ రాగానే చాలామంది అనే మాట ఒకటే: "ర్యామ్ పెంచుదాం." నేనైతే ముందు లాగ్ తెరుస్తాను. రిపోర్ట్ సర్వర్ డేటాబేస్‌లో ఎగ్జిక్యూషన్‌లాగ్3 అనే వ్యూ ఉంటుంది. ఏ రిపోర్ట్‌ని ఎవరు ఎప్పుడు నడిపారో అన్నీ అందులో ఉంటాయి. డిఫాల్ట్‌గా 60 రోజుల లాగ్ దాస్తుంది.

అందులో మూడు కాలమ్స్ చూడండి: టైమ్ డేటా రిట్రీవల్, టైమ్ ప్రాసెసింగ్, టైమ్ రెండరింగ్. మూడూ మిల్లీసెకన్లలో ఉంటాయి. మొదటిది 42,000, మిగతా రెండూ కలిపి 2,000 ఉన్నాయనుకుందాం. అంటే 44 సెకన్లలో 42 సెకన్లు డేటాబేస్ నుంచి డేటా రావడానికే పోయాయి. ఇక్కడ రిపోర్ట్ సర్వర్‌కి ర్యామ్ పెంచితే ఏం లాభం? క్వెరీ సరిచేయాలి, లేదా ఇండెక్స్ చూసుకోవాలి. అదే రెండరింగ్ నంబర్ పెద్దగా ఉంటే, ఎవరో వేల పేజీల రిపోర్ట్‌ని పీడీఎఫ్‌గా తీస్తున్నారేమో చూడాలి.

మెమరీ సెట్టింగ్స్ కూడా తెలిసుండాలి. అవి ఆర్ఎస్ రిపోర్ట్ సర్వర్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఉంటాయి. మెమరీ సేఫ్టీ మార్జిన్ డిఫాల్ట్ 80 శాతం, మెమరీ థ్రెషోల్డ్ 90 శాతం. వాడకం 90 దాటితే సర్వర్ కొత్త రిక్వెస్టులు తీసుకోదు. ఒకే మెషీన్‌లో డేటాబేస్ కూడా నడుస్తుంటే, వర్కింగ్ సెట్ మ్యాగ్జిమమ్ అనే లిమిట్ మనమే రాసి పెట్టాలి. లేకపోతే రెండూ మెమరీ కోసం కొట్టుకుంటాయి.

ఇప్పుడు అసలు విషయం. ఒక రిపోర్ట్‌ని మూడు రకాలుగా నడపొచ్చు.

ఒకటి, లైవ్. ఓపెన్ చేసిన ప్రతిసారీ క్వెరీ నడుస్తుంది. డేటా తాజాగా ఉంటుంది, కానీ డేటాబేస్‌కి బరువు.

రెండు, క్యాష్. మొదట ఓపెన్ చేసినవాళ్లు ఆగాలి. తర్వాతి వాళ్లకి అదే కాపీ వెంటనే వస్తుంది. ఎన్ని నిమిషాలు దాచాలో మనమే చెప్పాలి. పారామీటర్ మారితే కాపీ కూడా మారుతుంది. విజయవాడ బ్రాంచ్‌కి ఒక కాపీ, వరంగల్‌కి ఇంకొకటి. ఆ మొదటి మనిషి కూడా ఆగకూడదంటే, క్యాష్ రిఫ్రెష్ ప్లాన్ పెట్టి ముందుగానే నింపుకోవచ్చు.

మూడు, స్నాప్‌షాట్. పొద్దున ఆరింటికి ఒకసారి నడిచి, ఆ ఫలితమే రోజంతా అందరికీ కనిపిస్తుంది.

స్పీడ్ కావాలని అన్నిటికీ స్నాప్‌షాట్ పెట్టేయొచ్చా? ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీస్ అనుకోండి. ఆరింటి స్నాప్‌షాట్‌లో ఇన్సులిన్ 40 బాక్సులు ఉన్నాయి. పదకొండింటికల్లా అన్నీ అమ్ముడుపోయాయి. పన్నెండింటికి రిపోర్ట్ చూసినవాళ్లు ఫోన్‌లో "స్టాక్ ఉందండీ" అని మాటిచ్చేస్తారు. రిపోర్ట్ సెకన్‌లో వచ్చింది, కానీ మెడికల్ షాపులో ఎదురుచూస్తున్న పేషెంట్‌కి మందు రాలేదు. అదే పోయిన నెల సేల్స్ రిపోర్ట్ అయితే స్నాప్‌షాట్ హాయిగా సరిపోతుంది. ఆ నంబర్లు ఇక మారవు కదా.

కాబట్టి సెట్టింగ్ మార్చే ముందు, ఆ రిపోర్ట్ వాడేవాళ్లని ఒక ప్రశ్న అడగండి: "ఎంత పాత నంబర్ అయినా మీకు ఫర్వాలేదు?" సమాధానం వచ్చాక, రిపోర్ట్ పైన ఎగ్జిక్యూషన్ టైమ్ ఫీల్డ్ పెట్టండి. "ఈ లెక్క ఉదయం 6 గంటలది" అని కనిపిస్తే, చూసేవాళ్లు ఒకసారి ఆగి గోడౌన్‌కి ఫోన్ చేసి కనుక్కుంటారు.

ఇక పబ్లిషింగ్. క్యాష్‌కైనా, స్నాప్‌షాట్‌కైనా, సబ్‌స్క్రిప్షన్‌కైనా డేటా సోర్స్ లాగిన్ సర్వర్‌లోనే దాచి ఉంచాలి. ఎందుకంటే ఆరింటికి రిపోర్ట్ నడిచేటప్పుడు పాస్‌వర్డ్ కొట్టడానికి అక్కడ మనిషి ఉండడు. ఆ లాగిన్‌కి చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, మార్చే హక్కు వద్దు. షెడ్యూల్స్ నడవాలంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఏజెంట్ ఆన్‌లో ఉండాలి. "సబ్‌స్క్రిప్షన్ మెయిల్ రాలేదు" అంటే మొదట దాన్నే చూడండి.

సబ్‌స్క్రిప్షన్‌లో రిపోర్ట్‌ని అటాచ్‌మెంట్‌గా పంపొచ్చు, లింక్‌గా కూడా పంపొచ్చు. జీతాలు, కస్టమర్ వివరాలు ఉన్న రిపోర్ట్ అయితే నేను లింక్‌నే ఎంచుకుంటాను. లింక్ నొక్కినప్పుడల్లా సర్వర్ పర్మిషన్ చూస్తుంది. ఉద్యోగం మానేసిన మనిషి అకౌంట్ తీసేస్తే, ఆ లింక్ ఇక తెరుచుకోదు. ఎక్సెల్ ఫైల్ అలా కాదు. ఒకసారి మెయిల్‌లో వెళ్లిందంటే వాట్సాప్‌లో ఎక్కడెక్కడ తిరుగుతుందో మన చేతిలో ఉండదు.

ఇంటర్వ్యూలో "స్లో రిపోర్ట్‌ని ఎలా ఫిక్స్ చేస్తారు?" అని అడిగితే ఈ వరసలో చెప్పండి: లాగ్ చూస్తాను, టైమ్ ఎక్కడ పోతోందో కనుక్కుంటాను, డేటా ఎంత తాజాగా కావాలో వాడేవాళ్లని అడుగుతాను, ఆ తర్వాతే సెట్టింగ్ మారుస్తాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో ఆ లాగ్ మీద క్వెరీ ఎలా రాయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.