సైకిలు సీటు కింద ఒక చిన్న సంచి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడటానికి ఈ వేదిక మీద నాకంటే సమర్థులు ఉన్నారు. ఆరోగ్యం, ప్రయాణం అనే శీర్షిక కింద ఏదైనా పనికివచ్చే మాట చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. మనలో ఇప్పటికీ సైకిలు తొక్కేవారు తక్కువేమీ కాదు. అందుకని సైకిలు సీటు కింద తగిలించుకునే చిన్న సంచిని ఎలా ఎంచుకోవాలో చెబుతాను. విషయం చిన్నదే. కానీ మన వయసులో ఒక్కసారి కింద పడితే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు.

సాగర్‌కూ సైకిలుకూ ఉన్న సంబంధం ఇప్పటిది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఇక్కడ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఆ నీళ్ల వెంట కాలువ కట్టల మీద తిరిగింది సైకిలే. లస్కర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు తూములు చూసుకుంటూ, గేజీలు రాసుకుంటూ రోజుకు ఎన్నో మైళ్లు తొక్కేవారు. నేను 1978లో ఉద్యోగంలో చేరి 2012లో రిటైరయ్యే నాటికి జీపులు, మోటారు సైకిళ్లు వచ్చాయి. అయినా మైనరు కాలువ గట్టు మీద సైకిలుకు సాటి వచ్చే బండి లేదు.

ఆ రోజుల్లో ఇంగ్లండు నుంచి వచ్చిన ర్యాలీ వంటి సైకిళ్లకు సీటు వెనక ఒక తోలు సంచి ఉండేది. అందులో పానా, ప్యాచీ సామాను పెట్టుకునేవారు. తర్వాత తర్వాత అది కనబడకుండా పోయింది. వీధివీధికీ పంక్చరు షాపు వచ్చాక దాని అవసరం లేదనుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆ షాపుల్లో చాలావరకు మోటారు సైకిళ్ల షాపులైపోయాయి. కొన్నిచోట్ల సైకిలు ట్యూబుకు ప్యాచీ వేసే మనిషి దొరకడమే కష్టం. కాబట్టి ఆ సంచి మళ్లీ అవసరమైంది.

ఈ సంచి లేనివారు ఏం చేస్తున్నారు? పానా, పంపు, మందుల చీటీ, కళ్లజోడు పెట్టె, అన్నీ ఒక చేతిసంచిలో వేసి హ్యాండిలుకు తగిలిస్తున్నారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. హ్యాండిలుకు వేలాడే సంచి గతుకుల్లో ఊగుతుంది. ఊగి ముందు చక్రం స్పోకుల్లో పడితే చక్రం దాన్ని లాక్కుపోయి ఫోర్కు దగ్గర బిగుసుకుంటుంది. ముందు చక్రం ఒక్కసారిగా ఆగితే మనిషి హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు. ఇరవై ఏళ్ల కుర్రవాడైతే దులుపుకుని లేస్తాడు. డెబ్బై ఏళ్లవారికి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. నాతో పనిచేసిన ఒక మిత్రుడు ఇలాగే పడి ఆ తర్వాత సైకిలు ఎక్కలేదు. అప్పటినుంచి ఆయన పాలకు, పేపరుకు కూడా కోడలి మీద ఆధారపడవలసి వచ్చింది. కాలు నొప్పికంటే అదే తనను ఎక్కువ బాధించిందని ఆయన నాతో అన్నారు.

కూరగాయలు, కిరాణా సామాను వెనక క్యారియరు మీద గానీ ముందు బుట్టలో గానీ పెట్టండి. ఎప్పుడూ సైకిలుతోనే ఉండవలసిన నాలుగు వస్తువులు సీటు కింద ఉంచండి. హ్యాండిలుకు మాత్రం ఏమీ తగిలించకండి.

ఇక ఎంపిక సంగతి. దుకాణానికి వెళ్లకముందే ఇంట్లో చేయవలసిన పని ఒకటి ఉంది. లోపల పెట్టవలసిన వస్తువులన్నీ బల్ల మీద పేర్చండి. నా లెక్క ప్రకారం ఇవి చాలు:

1. అన్ని సైజుల నట్లకు సరిపడే ఒక చిన్న పానా.
2. టైరు ఊడదీసే రెండు లివర్లు.
3. ప్యాచీలు, సొల్యూషన్, చిన్న గరుకు కాగితం ముక్క.
4. రెండు వాల్ ట్యూబులు.
5. ముల్లు పీకడానికి చిన్న పట్టకారు.
6. ప్లాస్టిక్ కవరులో పెట్టిన ఒక చీటీ. దాని మీద మన పేరు, రక్తపు గ్రూపు, వాడే మందులు, ఇంటివారి ఫోను నంబరు రాయాలి.
7. ఒక పాత గుడ్డ.

వాల్ ట్యూబు సంగతి కొంచెం చెప్పాలి. మన మామూలు సైకిళ్ల వాల్వు పిన్నుకు ఒక సన్నని రబ్బరు గొట్టం తొడుగుతారు. ఎండలకు అది మెత్తబడి, చీలి, గాలి పోతుంది. మనం పంక్చరు అనుకుని కిలోమీటర్ల కొద్దీ సైకిలు నడిపించుకుంటూ వస్తాం. అంగుళం రబ్బరు ముక్క దగ్గరుంటే రెండు నిమిషాల పని అది. ఇక కాలువ గట్ల మీద తుమ్మ ముళ్లకు, పల్లేరు కాయలకు కొదవ లేదు. ప్యాచీ వేసేముందు టైరు లోపలి భాగం గుడ్డతో తడిమి చూడాలి. ముల్లు లోపలే ఉండిపోతే కొత్త ప్యాచీనీ పొడుస్తుంది.

“ఈ వయసులో నేను టైరు ఊడదీయగలనా?” అని కొందరు అడుగుతారు. ఊడదీయలేకపోవచ్చు. కానీ దారిన పోయే రైతుకో, పశువులు కాసే కుర్రవాడికో చేతనవుతుంది. వారి దగ్గర లేనిది సామానే. అది మన దగ్గరుంటే సాయం చేసే చేయి దొరుకుతుంది.

ఈ సామానంతా గుడ్డలో చుడితే సుమారు ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, మూడంగుళాల ఎత్తు వస్తుంది. అంటే ముప్పావు లీటరు నుంచి ఒక లీటరు పట్టే సంచి సరిపోతుంది. అరలీటరు సంచి చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ లివర్లు పట్టవు. రెండు లీటర్ల సంచి కొంటే ఖాళీగా ఉన్నదని ఏదో ఒకటి నింపుతాం. బరువెక్కి వేలాడుతుంది.

రెండోది, అమరిక. ఇప్పుడు దుకాణాల్లో దొరికే సంచులు ఎక్కువగా కొత్తరకం గేరు సైకిళ్ల సీట్లకు కుట్టినవి. వాటి సీటు కింద రెండు సన్నని కడ్డీలే ఉంటాయి. మన పాత సైకిలు సీటు కింద లావు తీగలు, వెనక రెండు స్ప్రింగులు ఉంటాయి. ప్లాస్టిక్ క్లిప్పుతో బిగించే రకం వీటికి పట్టదు. వెల్‌క్రో పట్టీలు కూడా కొన్నిటికి పొట్టివి. బకిల్సు ఉన్న పొడవాటి పట్టీల సంచి మనకు నయం. ఒక పట్టీ సీటు గొట్టానికి కూడా చుట్టేలా ఉంటే ఊగదు.

సైకిలు తీసుకుని వెళ్లి తగిలించి చూసే కొనండి. చూసేటప్పుడు మనం సీటు మీద కూర్చుని ఇంకొకరిని చూడమనాలి. మనం కూర్చుంటే స్ప్రింగులు దిగుతాయి. స్ప్రింగు సంచిని నొక్కకూడదు. రెండు పాదాలూ నేలకు ఆనాలని మనం సీటు దించి పెట్టుకుంటాం. అందువల్ల సీటుకూ వెనక మడ్‌గార్డుకూ మధ్య జాగా తగ్గుతుంది. సంచి అడుగుకూ మడ్‌గార్డుకూ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. తొక్కేటప్పుడు తొడలకు తగలకూడదు. క్యారియరు మీద పాలక్యాను పెడితే అది సంచిని తోయకూడదు. వెనక ఎర్ర దీపం గానీ రిఫ్లెక్టరు గానీ సంచి చాటున పడకూడదు. చీకటి పడ్డాక హైవే దాటవలసిన సూర్యాపేట, కోదాడవాసులు ఇది మరవకూడదు.

మూడోది, గుడ్డ. తోలు మన్నుతుంది గానీ వానకు తడిసి ఎండితే బిరుసెక్కుతుంది. నూనె రాస్తూ ఉండాలి. రెక్సిను చవక. మన ఎండలకు రెండు మూడేళ్లలో పగుళ్లు వస్తాయి. లోపల పూత ఉన్న నైలాను తేలిక, తడి త్వరగా ఆరుతుంది. అయితే జిప్పు దగ్గర నీరు దిగుతుంది. జిప్పు మీద రేకులా కప్పే గుడ్డ ఉన్నది చూసుకోండి. దట్టమైన కాన్వాసు మరొక మంచి రకం. ఇంగ్లండులో నెల్సన్ అనే ఊళ్లో 1932 నుంచి కారడైస్ పేరుతో ఇటువంటి సీటు సంచులు కుడుతున్నారు. తడిసినప్పుడు నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి, నీరు లోపలికి దిగదు. అంతదూరం నుంచి తెప్పించుకోనక్కరలేదు. మోటారు సైకిలు సీటు కవర్లు కుట్టేవారికి కొలతలిస్తే కాన్వాసుతో చక్కగా కుట్టిపెడతారు. మూలల్లో రెండు వరసల కుట్టు వేయమనండి. పట్టీలు సంచి చుట్టూ తిరిగేలా కుట్టించండి, అప్పుడు బరువు గుడ్డ మీద పడదు.

ఇక సంచిలో పెట్టకూడనివి. ఇది అన్నిటికంటే ముఖ్యం. గుండెజబ్బు ఉన్నవారు నాలుక కింద పెట్టుకునే మాత్రలు, షుగరు ఉన్నవారు గ్లూకోజు లేదా చక్కెర బిళ్లలు చొక్కా జేబులోనే ఉంచుకోవాలి. మనం కింద పడి, సైకిలు నాలుగు గజాల దూరంలో పడితే సంచిలోని మాత్ర చేతికందదు. పైగా మన జిల్లా ఎండలో నిలిపిన సైకిలు సంచి లోపల వేడికి మందులు చెడతాయి. ఇన్సులిను అసలే పెట్టకూడదు. సెల్‌ఫోను కూడా జేబులోనే ఉండాలి. 108కి ఫోను చేయవలసి వస్తే అది మన ఒంటి మీద ఉండాలి. బ్యాంకు పాసుబుక్కు, పెన్షను కాగితాలు, డబ్బు సంచిలో వద్దు. స్టాండులో పెట్టిన సైకిలు నుంచి సంచిని విప్పుకుపోవడం నిమిషం పని.

నెలకొకసారి, పెన్షను పడిన రోజున అనుకోండి, సంచి విప్పి చూడండి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ ట్యూబు కొన్నాళ్లకు గట్టిపడుతుంది. అవసరమైన రోజున అది రాయిలా ఉంటే లాభం లేదు. పానాకు తుప్పు పట్టకుండా నూనె గుడ్డలో చుట్టండి. గలగలమనే చప్పుడు కూడా తగ్గుతుంది. చీటీలో మందుల పేర్లు మారితే మార్చి రాయండి.

ఇంట్లో పిల్లలకు కూడా ఒక మాట. “నాన్నా, ఇక సైకిలు మానేయండి” అని మీరు ప్రేమతోనే అంటారు. డాక్టరు వద్దన్నప్పుడు తప్పకుండా మానేస్తాం. అంతవరకు మా పని మేము చేసుకోనివ్వండి. వచ్చే పండగకు మాకు పంచెల చాపుకు బదులు మంచి సీటు సంచి ఒకటి కొనిపెట్టండి. కొలతలు ఇప్పుడే చెప్పాను.