అజేయుడెవ్వడు? మల్లుని కీర్తి, ప్రత్యర్థి కొలత
(టికియాపారాలో తెలుగు ఉద్యోగుల కుటుంబముల సభయందు చదివిన ప్రసంగ పాఠము)



మదరాసునుండి వచ్చు మెయిలు హౌరా చేరుటకు ముందు చివరగా దాటు స్టేషను టికియాపారా. ఇచటినుండి హుగ్లీ నది దాటి ఉత్తర కలకత్తాలోని గోవాబాగానునకు పోయినచో, అచట ఒక ప్రసిద్ధమైన గోదా పేరు వినవచ్చును. అంబికాచరణ గుహ నెలకొల్పిన కుస్తీ సంప్రదాయమును ఆయన మనుమడు జతీంద్రచరణ గుహ అచట నిలిపెను. లోకము అతనిని గోబర్ గుహ అని పిలిచినది. గోబర్ పేరు వచ్చిన చోట గామా పహిల్వాను పేరు రాక తప్పదు. ఒకడు ఓటమి నెరుగనివాడు. రెండవవాడు గెలుపును ఓటమిని కూడ చవిచూచినవాడు. ఇరువురిలో ఎవరు మిన్న యన్నది నేటి విచారణ.

ఇట్టి తగవు తీర్చుటకు జనులు సామాన్యముగా గెలుపోటముల పట్టిక తీయుదురు. పట్టిక అబద్ధమాడదు, కాని సగమే చెప్పును. ముష్టియుద్ధములో హెవీవెయిట్ ఛాంపియనులైన జో లూయిస్, రాకీ మార్సియానోల సంగతి చూడుడు. మార్సియానో 49 పోటీలలో పాల్గొని 49 గెలిచెను. వానిలో 43 నాకౌట్లు. 1956లో అపజయ మెరుగకయే విరమించెను. లూయిస్ 1937 మొదలు 1949 వరకు ఛాంపియనుగా నుండి, 25 మారులు ఆ బిరుదమును కాపాడుకొనెను; అయినను అతని లెక్కలో మూడు ఓటములు కలవు. పట్టికను మాత్రమే నమ్మినచో మార్సియానోకే పీట వేయవలెను. అయితే 1951లో మార్సియానో లూయిస్‌ను పడగొట్టిన నాటికి లూయిస్‌కు 37 ఏండ్లు, మార్సియానోకు 28. మరుసటి సంవత్సరము అతడు ఎవనినుండి బిరుదము గెలుచుకొనెనో, ఆ జెర్సీ జో వాల్కాట్‌కు 38 ఏండ్లు.

లూయిస్ ప్రత్యర్థులందరు సింహములా యనిన, కారు. 1940 చివరినుండి 1941 వేసవి వరకు అతడు ఇంచుమించు నెలకొకనితో తలపడగా పత్రికలవారు ఆ ప్రత్యర్థులను ఎగతాళి చేసిరి. కాని ఆ వేసవిలోనే బిల్లీ కాన్ పదుమూడవ రౌండు వరకు అతనిని ముప్పుతిప్పలు పెట్టెను. 1936లో తన్ను ఓడించిన మాక్స్ ష్మెలింగును 1938లో లూయిస్ మరల ఎదుర్కొని మొదటి రౌండులోనే పడగొట్టెను. ఓడించినవానిని తిరిగి ఎదుర్కొనుట పట్టికలో ఒక పంక్తి మాత్రమే. యోధుని జీవితములో అదియే పెద్ద పరీక్ష.

కావున పట్టికను మూడు ప్రశ్నలడుగవలెను. ఎవరితో పోరాడెను? ఏ వయసులో పోరాడెను? ఎవరితో పోరాడు అవకాశము కలుగలేదు?

ఈ ప్రశ్నలతో గామాను పరీక్షింతము. 1910లో బెంగాలు ధనికుడు శరత్ కుమార్ మిత్ర సాయముతో అతడు లండను చేరెను. ఐదడుగుల ఏడంగుళముల ఈ మనిషిని చూచి అచటివారు మొదట పోటీలలో చోటీయలేదు. అతడు బహిరంగముగా సవాలు విసిరెను. అమెరికా మల్లుడు డాక్టర్ రోలర్‌ను గెలిచిన పిమ్మట, సెప్టెంబరు 10వ తేదీన పోలండు దేశపు స్టానిస్లాస్ జిబిస్కోతో తలపడెను. జిబిస్కో రెండు గంటలకు పైగా చాపను కరచుకొని పడియుండెను, కుస్తీ తేలలేదు. వారము దినముల తరువాత మరల కలియవలసియుండగా జిబిస్కో రాలేదు. జాన్ బుల్ బెల్టు గామాకు దక్కినది.

అయితే నాటి ప్రపంచ ఛాంపియను ఫ్రాంక్ గాచ్‌తో గామాకు పోటీ ఏనాడును జరుగలేదు. అదే సంవత్సరము జూనులో గాచ్ చికాగోలో జిబిస్కోను ఓడించెను. గామాతో సమముగా నిలిచినవానిని గాచ్ గెలిచెను గనుక గాచే గొప్ప యని వాదింపవచ్చును. ఇట్టి వాదము త్రాసులో చెల్లును గాని గోదాలో చెల్లదు. ఒకని పట్టు ఒకనికి లొంగును, మరియొకనికి లొంగదు. తలపడని కుస్తీకి తీర్పు లేదు. జాక్ డెంప్సీ ఛాంపియనుగా నున్న 1919–26 నడుమ నల్లజాతి వీరుడు హ్యారీ విల్స్‌కు బిరుదపు పోటీ దొరకనే లేదు. ఆ ఖాళీని డెంప్సీ గెలుపుగాను, విల్స్ ఓటమిగాను వ్రాయుట న్యాయము కాదు.

1928లో పటియాలాలో గామా, జిబిస్కో మరల కలిసిరి. నిమిషమైన గడువకమునుపే గామా గెలిచెను. "ముసలివానిని గెలిచిన గెలుపు" అని కొందరనవచ్చును. కాని అప్పటికి ఇరువురును ఏబదియేండ్ల సమీపమున నున్నవారే. పైగా జిబిస్కో 1925లో కూడ ప్రపంచ బిరుదము గెలిచినవాడు. వయసులో సమానుడు, బిరుదములో అధికుడు. అట్టివానిని గెలిచిన గెలుపునకు పూర్తి విలువ నీయవలెను.

ఇక గోబర్. ఇతడు ప్రత్యర్థులు తన గుమ్మమునకు వచ్చువరకు వేచియుండలేదు. 1913లో స్కాట్లండు పోయి జిమ్మీ ఎస్సన్‌ను గెలిచెను. 1921లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఆడ్ శాంటెల్‌ను ఓడించి లైట్ హెవీవెయిట్ ప్రపంచ బిరుదము పొందెను. పరాయి చాప, పరాయి నియమములు, పరాయి ప్రేక్షకులు. వీని నడుమ ఎడ్ లూయిస్ వంటి మహామల్లులతోను తలపడెను. స్వదేశము చేరిన పిదప 1929లో కలకత్తా పార్క్ సర్కస్‌లో చోటా గామా చేతిలో ఓడెను. ఆ చోటా గామా వేరు, పైన చెప్పిన గామా వేరు. గోబర్ ఓటములను లెక్కించువారు అతడు దాటిన సముద్రములను కూడ లెక్కింపవలెను.

మన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడిగారిని ఈ వరుసలో ఎచట నిలుపవలెనని తెలుగువారికి తోచుట సహజము. ఉక్కు గొలుసులు తెంచి, రొమ్ముపై ఏనుగును నిలిపి, కలియుగ భీముడని పేరొందిన ఆ మహాబలునకు మన హృదయములలో చోటు వేరుగా కలదు. కాని గొలుసునకు పోరాడు బుద్ధి లేదు. అది వెనుకకు తగ్గదు, ఎత్తునకు పైయెత్తు వేయదు. బలమునకు కొలత బరువు. మల్లునకు కొలత మల్లుడే. రామమూర్తిగారి కీర్తిని కుస్తీ లెక్కలతో కొలుచుట వారిని తగ్గించుటయే యగును.

కావున తీర్పిది. పట్టులోను, నిలుకడలోను గామాయే అగ్రగణ్యుడు. సాహసములో గోబర్ అతనికి తీసిపోడు. ఓడినవాడు అల్పుడు కాడు. ఎవరిచేత, ఎచట, ఏ వయసులో ఓడెనో తెలిసిన పిమ్మటనే మాటాడవలెను. ఉద్యోగి సర్వీసు పుస్తకములో తేదీలుండును గాని, అతడెట్టి కష్టముల నడుమ పనిచేసెనో యుండదు. పిల్లల మార్కుల పట్టికయు అంతియే. సాటివారిని తూచునపుడు త్రాసు రెండవ తట్టలో ఏమున్నదో కూడ చూచుట మనందరికిని ధర్మము.