పలకనుండి తెరవరకు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



ఇరువదియైదేండ్లుగా దీపము పెట్టు వేళకు తలుపు తెఱచుచున్న మన గ్రంథాలయమునకు నేడు రజతోత్సవము. పాఠశాలయు గ్రంథాలయమును ఒక తల్లి బిడ్డలు. పగలు బడిలో వెలిగించిన దీపమును సాయంకాలమున ఆఱిపోకుండ కాపాడునది గ్రంథాలయము. కావున ఈ శుభవేళ బడిని గుఱించి, అందును బడిలోనికి క్రొత్తగా వచ్చి చేరిన యంత్రములను గుఱించి నాలుగు మాటలు చెప్పుకొనుట సముచితము.

ఈ విషయమున పెద్దలలో రెండు వాదములు కలవు. తెర వచ్చినది గనుక ఇక విద్యకు కొఱత లేదని కొందఱందురు. తెర వచ్చినది గనుక ఇక విద్యయే లేదని మఱికొందఱందురు. ఈ రెండు వాదములకు నడుమ నిలిచి ఆలోచింపవలసిన వారు ఛాత్రోపాధ్యాయులు. శిక్షణకళాశాలలో వారు శిష్యులు; బోధనాభ్యాసమునకు వచ్చిన బడిలో వారే గురువులు. నేర్చుట, నేర్పుట అను రెండు పనులను ఒకే యేట అనుభవించువారికి యంత్రముయొక్క గుణదోషములు ఇతరులకంటె ముందుగా తెలియును. అట్టి యొక ఛాత్రోపాధ్యాయిని కమ్మర్‌పల్లి ప్రాంతమున బోధనాభ్యాసము చేసిన దినములలో కలిగిన ఆలోచనలే నేటి ప్రసంగమునకు ఆధారము.

ఆమె మొదటి పాఠము మొక్కలలోని భాగములు. తెరపై రంగురంగుల బొమ్మలు కదలినవి. విత్తు పగిలెను, వేరు క్రిందికి దిగెను, కాండము పైకి లేచెను. కొన్ని మొక్కలకు కాండము భూమిలోపలనే పెరుగునని, పసుపు, అల్లము అట్టివేయని తెర చెప్పినది. గదిలో చీమ చిటుక్కుమన్న వినబడునంత నిశ్శబ్దము. పాఠము ముగిసిన పిదప “అర్థమైనదా?” అని ఆమె అడుగగా పిల్లలందఱును ఏకకంఠముతో “అయింది, టీచర్” అనిరి. ఆమె సంతోషించి ఒక చిన్న ప్రశ్న వేసెను. “మీ చేలలో పండు పసుపుకొమ్ము వేరా, కాండమా?” అందఱును “వేరు” అనిరి. మంటిలోపల ఉండునది వేరు; మంటిపైన ఉండునది కాండము. ఇది వారి లెక్క. ఐదు నిమిషముల క్రిందట తెర చెప్పిన మాట ఆ లెక్కను అంటనైనను అంటలేదు.

మఱునాడామె ఒక రైతు ఇంటినుండి మన్ను వదలని పచ్చి పసుపుదుంపను తెచ్చి పిల్లల చేతులలో పెట్టినది. కన్నులు మూసికొని వ్రేళ్లతో తడుముడనెను. కణుపులు తగిలినవి. కన్నులు తెఱచి చూడగా కణుపుకణుపునకు ఎండిన పొరవంటి చిన్న ఆకు, దాని మూలమున మొలక కనబడెను. దుంపనుండి దిగిన సన్నని పోగులవంటి వేళ్లు వేఱుగా కానవచ్చెను. తరగతిలో వెనుకవరుసన కూర్చుండు ఒక బాలిక కలదు. పసుపు తవ్వు దినములలో తల్లిదండ్రుల వెంట చేనికి పోవుచు తఱచుగా బడి మానునది. అంతవరకు నోరు విప్పనిది. ఆ పిల్ల దుంపను త్రిప్పి త్రిప్పి చూచి, “వేరుకు ఆకు మొలుస్తదా, టీచర్?” అని అడిగినది.

గదిలో మరల నిశ్శబ్దము. కాని నిన్నటి నిశ్శబ్దము చూచుటవలన కలిగినది. ఇది ఆలోచించుటవలన కలిగినది. ఇంతలో ఒక బాలుడు లేచి, “కందగడ్డకు మొలుస్తది కద!” అనెను. ఆ మాటకు ఛాత్రోపాధ్యాయినివద్ద సమాధానము లేదు. లేదని ఒప్పుకొని, రేపు చెప్పెదననెను. ఆ రాత్రి చేతిలోని ఫోనును తెఱచి వెదకగా సంగతి తెలిసినది. చిలగడదుంప నిజముగా వేరే. దానికిని మొలకలు వచ్చును. కాని దానికి కణుపులుండవు. కణుపున ఆకు ఉండదు. కావున మొలక ఒక్కటియే గుఱుతు కాదు; కణుపు గుఱుతు. మఱునాడు రెండు దుంపలను ప్రక్కప్రక్కన పెట్టి పిల్లలచేతనే ఈ భేదమును చెప్పించినది. అటుపిమ్మట మొదటి దినపు తెరపాఠమునే మరల పెట్టగా, పిల్లలు “ఆపండి టీచర్, కణుపు చూస్తం” అని కేకలు వేసిరి. తెర అదియే, బొమ్మ అదియే. మొదటి దినమున పిల్లలను తెర నడపినది. మూడవ దినమున తెరను పిల్లలు నడపిరి.

ఆమె తన పుస్తకములో వ్రాసికొన్న మాటల సారాంశమిది: యంత్రము సమాధానమును తేగలదు, ప్రశ్న మాత్రము బిడ్డలో పుట్టవలెను. ప్రశ్న పుట్టిన పిదప వచ్చిన యంత్రము కల్పవృక్షము. ప్రశ్న పుట్టకమునుపు వచ్చిన యంత్రము వినోదము.

సభ్యులారా! బడిలోనికి పనిముట్లు వచ్చుట నేటి వింత కాదు. ఇసుక ఒక పనిముట్టు. తాటాకు, గంటము, పలక, బలపము, అచ్చుపుస్తకము, నల్లబల్ల అన్నియు తమ తమ కాలములందు క్రొత్తవే. మద్రాసు ఎగుమూరులోని అనాథబాలుర ఆశ్రమమునకు 1789లో అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను దొర, మన దేశపు వీథిబడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించు ఏర్పాటునుగూడ చేసి, 1797లో ఆ సంగతిని లండనులో గ్రంథముగా ప్రకటించెను. ఆ పద్ధతి ఆంగ్లదేశమున విస్తరించి మద్రాసు పద్ధతియని పేరొందినది.

తరువాత మద్రాసు గవర్నరు మన్రో 1822లో బడుల లెక్కలు తీయించినపుడు, బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక చదువదగినది. తెలుగు, కన్నడ బడులలో అల్పవ్యయముతో వ్రాత నేర్పు విధమును, పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పు విధమును ఆయన మెచ్చుకొనెను. ఆ వెంటనే ఒక లోపమునుగూడ చూపెను. పిల్లలు వల్లించు పద్యముల భాష వ్యవహారభాషకు దూరమగుటచే, చదువువారికే గాక తఱచు చెప్పువారికిని అర్థము తెలియకుండెననెను. రెండువందల యేండ్ల క్రిందటి ఆ మాటను నేటి తెరముందు నిలిపి చూడుడు. నాడు అర్థము తెలియని పద్యమును ఏకకంఠముతో వల్లించిరి. నేడు అర్థము కాని పాఠమునకు “అయింది, టీచర్” అని ఏకకంఠముతో పలుకుచున్నారు. పనిముట్టు మాఱినది, రోగము మాఱలేదు.

చెప్పదలచినది మనసులో పండినచో ఎంత అల్పమైన పనిముట్టయినను చాలుననుటకు మన జిల్లాయే సాక్షి. 1948లో ఇందూరు కోటలోని చెఱసాలయందున్న దాశరథి కృష్ణమాచార్యులవారికి కాగితము లేదు, కలము లేదు. బొగ్గుముక్కతో గోడమీద పద్యములు వ్రాసిరి. ఆ గోడ నల్లబల్ల అయినది.

ఆకాశమునుండి పాఠము దిగుటయు మన రాష్ట్రమునకు క్రొత్త కాదు. 1975 ఆగష్టు 1నుండి 1976 జూలై 31వఱకు ఒక యేడు, అమెరికావారి ఉపగ్రహము సాయమున, ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు ప్రసారము చేసిరి. నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును అందులోనివే. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. తెలుగు పాఠములుండెను. అయ్యవార్లకు శిక్షణ పాఠములును ఉండెను. ఒప్పందపు గడువు తీరగానే ఉపగ్రహమును మఱియొక చోటికి మరల్చుకొనిరి. ఉపగ్రహము పోయినను ఊరిలో మిగులునది అయ్యవారు నేర్చుకొన్నదే. యంత్రమునకు గడువు కలదు. గురువు సంపాదించిన నేర్పునకు గడువు లేదు.

ఇట ఒక పెద్ద ప్రశ్న రాగలదు. ఏకలవ్యుడు మట్టిబొమ్మముందు నిలిచి విలువిద్య నేర్చెను గదా! బొమ్మ చాలినపుడు గురువేల? ఈ ప్రశ్నకు ఆదిపర్వములోని కథయే సమాధానము చెప్పుచున్నది. ఏకలవ్యునకు విద్య బొమ్మనుండి రాలేదు; అతని అచంచలమైన శ్రద్ధనుండి, ఎడతెగని అభ్యాసమునుండి వచ్చినది. అట్టి శ్రద్ధగల బాలుడు వేయింటి కొకడు. మిగిలిన వారి సంగతి యేమి? అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఏకలవ్యుడు బొమ్మను కోరి చేసికొనలేదు. ద్రోణుని వాకిట త్రోసిపుచ్చబడిన పిదప చేసికొన్నాడు. రాకుమారులకు ద్రోణుడు, నిషాదబాలునకు బొమ్మ. నేడును ఉన్నవారి బిడ్డలకు గురువును, లేనివారి బిడ్డలకు తెరను ఏర్పఱచి, ఇదియే సమానవిద్యయని తృప్తి చెందుదుమేని, అది ఆ పాత అన్యాయమునకు క్రొత్త రంగు పూయుటయే యగును. ఒక్క అయ్యవారు ఐదు తరగతులు చెప్పవలసిన బడికి తెర సాయమే. ఆ తెరను చూపి రెండవ అయ్యవారిని పంపకుండుటకు మాత్రము ఎవరును సాహసింపరాదు, ఊరివారు సహింపరాదు.

2020 మార్చిలో మహమ్మారిచే బడులు మూతపడినపుడు ఈ సంగతి ప్రత్యక్షముగా తెలిసినది. ఆ సెప్టెంబరు 1నుండి తెలంగాణ ప్రభుత్వము మూడవ తరగతినుండి పదవ తరగతివఱకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా పాఠములు ప్రసారము చేయించెను. ఆ సాయము లేకున్నచో చదువు బొత్తిగా నిలిచిపోయెడిది. కాని ఇంట ఒకే ఫోను ఉన్నచో అది తండ్రి జేబులో చేనికి పోయెడిది. అన్నకును చెల్లెలికిని ఒకేవేళ పాఠమున్నచో తఱచు చెల్లెలే లేచిపోవలసివచ్చెడిది. పాఠము చెప్పువారికి విను బిడ్డ ముఖము కనబడదు. బిడ్డ నొసలు ముడివడుట చూచి, చెప్పిన మాటను మఱియొక తీరున చెప్పువాడే గురువు. తెరకు ఆ చూపు లేదు.

ఇప్పుడు అంతకంటె క్రొత్త యంత్రము వచ్చినది. 2022 నవంబరునుండి లోకమంతట ప్రచారములోనికి వచ్చిన కృత్రిమమేధ, అడిగిన దానికెల్ల క్షణములో సమాధానము వ్రాసి యిచ్చుచున్నది. మన ఛాత్రోపాధ్యాయిని ఒకనాడు పాఠ్యపథకమును దానిచేతనే వ్రాయించెను. లక్ష్యములు, ఉపకరణములు, మూల్యాంకనము అన్నియు వరుసగా అమరినవి. వంక పెట్టుటకు చోటు లేదు. తరగతిలో పది నిమిషములకే అది కుంటువడెను. ఆ పథకమునకు వెనుకవరుస బాలిక తెలియదు. కందగడ్డ బాలుడు తెలియడు. తాను వ్రాయని పథకము గనుక, ఎక్కడ త్రోవ మాఱ్చవలెనో ఆమెకును తెలియలేదు. ఆమె ఆ దోషమును యంత్రముపై వేయక తనపైననే వేసికొనినది. మఱునాటినుండి మొదట తాను వ్రాసి, పిదప యంత్రముచేత లోపములు వెదకించుకొనసాగినది. పని కుదిరినది.

పసుపు పండించువారికి ఈ న్యాయమును వేఱుగ బోధింపనక్కఱలేదు. పూర్వము పసుపును బానలలో ఉడకబెట్టెడివారు. ఇప్పుడు ఆవిరియంత్రము కొద్ది వేళలోనే ఉడికించుచున్నది. పాలిషుయంత్రము వన్నె తెచ్చుచున్నది. మన కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనకేంద్రము కలదు. 2025 జనవరి 14న నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. ఇవియన్నియు మేలే. కాని కొమ్ము మంటిలో గడపవలసిన ఎనిమిది తొమ్మిది నెలలను ఏ యంత్రమును ఒక్క వారమునకు తగ్గింపజాలదు. లేతకొమ్మును త్రవ్వి ఎంత మంచి యంత్రములో ఉడికించినను అంగడిలో తూకమున తేలిపోవును. బిడ్డ మనసులో ప్రశ్న పుట్టి, తప్పి, తడబడి, అర్థముగా గట్టిపడుటకుగూడ ఒక కార్తె కలదు. ఆ కాలమును ఆదా చేయదలచువారు గింజను పోగొట్టుకొని గంప దాచుకొన్నవారగుదురు.

ఇక గ్రంథాలయము సంగతి. నిజాముపాలనలో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరుగుచుండెను. బడిలో తెలుగునకు చోటు కొఱవడిన ఆ దినములలో, 1901లో హైదరాబాదున స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుగా గ్రంథాలయములే తెలుగును కాపాడినవి. బడి చేయలేనిదానిని గ్రంథాలయము చేయుట మనకు పరంపరగా వచ్చిన ధర్మము. నేటి బడికి కొఱవడునది సమాచారము కాదు. ప్రశ్నను వినుటకు తీఱిక. ఆ తీఱికను గ్రంథాలయము ఇయ్యగలదు. ఇచ్చటికి కంప్యూటరు రానిండు, సంతోషమే. దాని ప్రక్కన ఒక కుర్చీ వేసి, సాయంకాలము ఒక గంట ఎవరైన చదువుకొన్నవారు కూర్చుండవలెను. వచ్చిన బిడ్డను, “ఈ దినము నీకు తెలియనిదేమి?” అని అడుగవలెను. పసుపు పనుల దినములలో బడి తప్పిన పిల్లలను పేరుపేరున పిలువవలెను. ఇందుకు నిధి అక్కఱలేదు. వంతులవారీగ ముప్పదిమంది ఒప్పుకొన్నచో నెల గడచును.

ఛాత్రోపాధ్యాయిని బోధనాభ్యాసము ముగించుకొని వెళ్లు దినమున, ఆ వెనుకవరుస బాలిక పాతకాగితములో చుట్టిన పసుపుకొమ్మును తెచ్చి యిచ్చెనట. దానిపై మూడు కణుపులకు సిరాతో గుఱుతు పెట్టియుండెను. ఏ పరీక్షయందును ఇంతకంటె మంచి సమాధానపత్రము ఆమెకు లభింపబోదు. అట్టి పత్రములు ఈ గ్రంథాలయపు బల్లమీద ఏటేట పెరుగుగాక! రజతోత్సవము చూచినవారు స్వర్ణోత్సవమునుగూడ చూతురుగాక!

స్వస్తి.